సూది రోజు కషాయం

గాజువాక,
జూన్ నెలాఖరు.

అక్కా,

ఉత్తరమా అని బావ నవ్వుతాడు. నవ్వనీ. ఫోన్లో నువ్వూ నేనూ మాట్లాడుకుంటే మూడో మాటకి అరుపులే. ఇక్కడున్నది ఒక్క గది. మొన్న నువ్వు "డాక్టర్లు ఎన్నాళ్లంటున్నారు" అని అడిగితే "అలాంటివి అడక్కు" అని అరిచాను. పడుకున్న అమ్మ లేచి కూర్చుంది. తరవాత ఏమైందో నీకు తెలీదు. ఫోను గోడకేసి కొట్టాను. అది పోయింది. అమ్మ చిన్న ఫోనులో మాట్లాడదామంటే అమ్మ చెవిలో మాట్లాడినట్టే. అందుకని ఈ ఉత్తరం. గంగరాజు మావ రోజూ మన ఊరినుంచి ప్లాంటుకి డ్యూటీకొస్తాడు కదా, పొద్దున్న జంక్షన్లో ఆయన చేతికిస్తే సాయంత్రానికి నీకు అందుతుంది. నువ్వూ అలాగే పంపు. ఆయన విప్పి చదవడు. చదివినా నా దస్తూరీ ఆయన తరం కాదు.

ఇక అమ్మ సంగతి. ప్రతి గురువారం పొట్ట మీద సూది. ఎముకల మూలుగలో చేరిన క్యాన్సర్‌కి ఇదే మంచి మందంటున్నారు. బోర్టెజోమిబ్ అని పేరు. నోరు తిరిగేదాకా పలికి నేర్చుకున్నాను. శత్రువు పేరు తెలిసి ఉండాలి. నడుం నొప్పి తగ్గింది, రక్తపరీక్ష కూడా బాగానే ఉందన్నారు, ఒప్పుకుంటాను. కానీ కాళ్లు! నిన్న బాత్రూంలోంచి వస్తూంటే ఒక చెప్పు ఊడిపోయింది. తెలీలేదు. ఒంటి చెప్పుతో గదంతా తిరిగింది. "ఏటోరా బాబూ, కాలికింద దూది పరిసినట్టుంది" అంది. అక్కా, బురదలో పాదం పెట్టి ఈ మడికి నీళ్లు చాల్తాయో చాలవో చెప్పే మనిషి! ఆవిడకి ఇప్పుడు కాలికి చెప్పుందో లేదో తెలీడం లేదు.

డాక్టర్ చంద్రిక అని ఒకావిడ చూస్తోంది. "ఈ మందుకి తిమ్మిర్లు వస్తాయి. ఎక్కువైతే మోతాదు తగ్గిద్దాం" అంది, కంప్యూటర్ వంక చూస్తూ. అంతే. తరవాతి పేషెంటుని పిలిచేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి కాళ్లు పోతున్నాయంటే తరవాతి పేషెంటా!

మా రీడింగ్ రూంకి వచ్చే కరపత్రాల్లో ఒకటి దొరికింది. పేరు "పచ్చ ఆకు ముందు మందుల కంపెనీలు దిగదుడుపు". నాలుగు పేజీలు. మూడుసార్లు చదివాను. గ్రీన్ టీ క్యాన్సర్ కణాన్ని మాడ్చేస్తుందట, మందుల విషాన్ని కడిగేస్తుందట. చవకగా దొరికే ఆకు కాబట్టి ఎవడూ చెప్పడు. చెబితే వాళ్ల వ్యాపారం ఏం కావాలి? ఆలోచించు.

అమ్మకి మొదలుపెట్టేశాను.

నీ తమ్ముడు,
సుమంత్


పద్మనాభం,
జూలై.

ఒరే సుమంత్,

ఉత్తరం అందింది. బావ నవ్వాడు, అందులో నీ తప్పేం లేదు, ఆయన ఎవరు ఏం రాసినా నవ్వుతాడు. "మీ తమ్ముడు ఫోన్లు పగలగొట్టుకుంటా పోతే మల్లీ పావురాల్ని పెంచాలేటే" అన్నాడు. ఫోను బాగుచేయించుకో.

వరి ఉడుపులు మొదలయ్యాయి. కూలీలు దొరక్క నేనే దిగుతున్నాను. అందుకే రాలేకపోతున్నాను తప్ప, అమ్మని నీ మీద వదిలేసి ఇక్కడ హాయిగా ఉన్నానని అనుకోకు. రాత్రి పడుకుంటే నా కాళ్లు లాగుతాయి, అప్పుడు అమ్మ కాళ్లు గుర్తొస్తాయి.

నీ కరపత్రం గురించి నాకు తెలీదు. నేను ఇంటర్ దాకా చదివాను, నువ్వు డిప్లొమా చదివావు, పైగా గదినిండా కాయితాలు పోగేసుకున్నావు. నాకున్నది ఒకే ఒక అనుమానం. టీయే కదా అనుకోవచ్చు. సీతాలు చిన్నమ్మ కొడుకు జిమ్ముకెళ్లి తాగుతాడు, వాడికేమీ కాలేదు. కానీ వాడికి ఒంట్లోకి అంత ఘాటు మందు ఎక్కడం లేదు కదా. అమ్మకి ఎక్కుతోంది. రెండూ కలిస్తే ఏమవుతుందో నీ కరపత్రంలో ఉందా? ఉంటే సరే. లేకపోతే గురువారం ఆ డాక్టరమ్మని ఒక్క మాట అడుగు. కోప్పడకుండా అడుగు. ఆవిడ పర్లేదంటే నేనూ పర్లేదంటాను. అడిగేదాకా ఇవ్వకు.

ఆ ఆటోనగర్ గోడ మీద "ప్రశ్నించు" అని ఎర్రరంగుతో రాసింది నువ్వే కదా. మొన్న గంగరాజు మావ చెప్పాడు, "మీవోడి అచ్చరాలు నాను గుర్తుపట్టేసినాను" అని. అదే పని ఆసుపత్రిలో చెయ్యి.

అక్క,
జ్యోతిర్మయి


గాజువాక,
జూలై, మూడో వారం.

అక్కా,

అడిగాను. పర్లేదన్నారు.

ఇంక ఆ సంగతి వదిలెయ్. అసలు విశేషం చెప్తాను విను. అమ్మ కాళ్లు తేరుకుంటున్నాయి! మొదటివారం ఏమీ తేడా లేదు. నాకు అనుమానం వచ్చింది. కప్పులో సంచీ ముంచి తీసే నీళ్లు ఏ మూలకి? అది షోకులకి తాగేది. అప్పుడు మామ్మ గుర్తొచ్చింది. మన రామలక్ష్మమ్మ మామ్మ ఎవరికి నాటుమందు ఇచ్చినా ఉత్తినే ఇచ్చేది కాదు కదా. ప్రతిదానికీ అనుపానం ఉండేది. ఒకదానికి తేనె, ఒకదానికి అల్లం రసం, ఒకదానికి మేకపాలు. మందు తిన్న పూటే అది కూడా లోపలికి పోవాలి, లేకపోతే మందు చేరవలసిన చోటికి చేరదు అనేది. ఇంగ్లీషు మందుకి అనుపానం ఇవ్వరు. వాళ్ల దగ్గర లేనిది మన దగ్గర ఉంది!

అందుకని పిడికెడు ఆకు వేసి మామ్మ కాచినట్టే కాస్తున్నాను, ఎనిమిది గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా. నల్లగా దిగుతుంది. సూది రోజున పొద్దున్న పరగడుపున ఒకటి, ఆసుపత్రినుంచి రాగానే ఇంకొకటి. మిగతా రోజుల్లో ఒక్కటే. అమ్మ మొహం చిట్లించి, "ఏటిరా ఇది, కుంకుడుకాయ రసం కాదు కదా" అంటుంది. తాగుతుంది. గ్లాసు వంచి చూపిస్తుంది, చిన్నపిల్లలా.

నిన్న గచ్చు మీద చిల్లరనాణెం పడితే కాలితో తడిమి, "ఇదుగోరా" అంది. నాకేడుపొచ్చింది. నువ్వు చూసి ఉంటే నువ్వూ ఏడ్చేదానివి.

కరపత్రంలో రాసింది అక్షరాలా జరుగుతోంది.

సుమంత్


పద్మనాభం,
ఆగస్టు మొదట్లో.

తమ్ముడూ,

అమ్మని పంపి మంచిపని చేశావు. సూదికీ సూదికీ మధ్య ఇక్కడ ఉండేది రెండు మూడు రోజులే అయినా ఇల్లంతా వెలుగొచ్చినట్టుంది. వచ్చిన పూటే పొలం దాకా వెళ్దామంది. వద్దన్నాను. వినలేదు. చెప్పులు గట్టు మీద వదిలేసి మడిలో ఒక కాలు పెట్టింది. కాసేపు కదలకుండా నిలబడింది. నేను భయపడి చెయ్యి పట్టుకోబోతే, "ఒలే, నీళ్లు సల్లగున్నాయే. కిందన బురద ఎచ్చగుంది" అంది. ఆ రెండు మాటలకి నేను గట్టు మీద కూలబడి ఏడిచాను. కూలీలు నవ్వారు.

నీ కరపత్రాన్ని అనుమానించినందుకు మనసులో ఏమీ పెట్టుకోకు. బావ కూడా ఊరంతా చాటుతున్నాడు: "మా బావమరిది డాట్రు కాకపోయినా కాంపోండరయిపోనాడు" అని. ఇంతకుముందు నిన్ను కమ్యూనిస్టు అనేవాడు. పదోన్నతి అనుకో.

కషాయం నేనే కాచి ఇచ్చాను. నీకన్నా చిక్కగా వచ్చిందని అమ్మ మెచ్చుకుంది. ఆకు అయిపోయింది. బుధవారం అమ్మని బస్సెక్కిస్తాను, గురువారం పొద్దున్నకి కాచి ఉంచు, మర్చిపోకు. డాక్టరమ్మ పర్లేదనడం ఎంత మంచిదైంది! నువ్వు అడిగి ఉండకపోతే నేను ఒక్క చుక్క ఇవ్వనిచ్చేదాన్ని కాదు, నీకు తెలుసు.

ఒంటిమీద గుడ్డ, నోట్లో మెతుకు చూసుకో. కోపం తగ్గించుకో.

అక్క


గాజువాక,
ఆగస్టు చివర.

అక్కా,

రక్తపరీక్ష కాయితం వచ్చింది. బాలేదు. ఎం ప్రోటీన్ అని ఒకటుంది, క్యాన్సర్ ఎంత ఉందో దాన్నిబట్టి చూస్తారు. మే నెలలో దిగింది, జూన్‌లో ఇంకా దిగింది. ఇప్పుడు మళ్లీ పైకి లేచింది. మొదట ఉన్నంత కాదు కానీ ఆ దారినే ఉంది. చంద్రిక గారు కాయితం రెండుసార్లు చూసి, "మందు పట్టు తప్పుతున్నట్టుంది. వచ్చేవారం పెద్ద డాక్టరుగారితో కూర్చుని మార్చే సంగతి మాట్లాడదాం" అంది. మార్చేది దీనికన్నా గట్టిదట, రక్తం తగ్గిపోతుందట, ఆసుపత్రిలో ఉండాల్సి రావచ్చట.

నేను చెప్పలేదా? కంపెనీ మందు ఓడిపోయింది. ఓడిపోయిన మందుకి ఇంకో మందు. దానికి ఇంకోటి. ఇదొక గొలుసు.

అంటున్నాను గానీ అక్కా, పై నాలుగు ముక్కలూ మూడుసార్లు కొట్టేసి రాశాను. అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

అమ్మ ఏమందో చెప్పనా? ఆసుపత్రి మెట్లు దిగుతూ, "మరింక సూదులొద్దురా. నాకు కాళ్లిచ్చింది నీ కసాయమే. అది తాగతాను, ఇంటికాడ పడుంటాను" అంది. నేను సంతోషించాలి కదా. నా మాటే కదా ఆవిడ అన్నది. నాకెందుకు సంతోషం కలగలేదో తెలీదు. "చూద్దాంలే" అన్నాను.

వచ్చే గురువారం నాకు కుదరదు. లేత్ షాపులో ఓనరుతో మాటామాటా అయింది, ఆ రోజు మానేస్తే ఇంక రావద్దన్నాడు. నువ్వే రావాలి. వచ్చి డాక్టర్లు చెప్పింది వినిపో. పెద్దగా ఏమీ మాట్లాడకు. వాళ్లు అడిగినదానికి మాత్రం జవాబు చెప్పు.

సుమంత్


పద్మనాభం,
సెప్టెంబరు, శుక్రవారం.

సుమంత్,

పెద్దగా ఏమీ మాట్లాడకు అని ఎందుకు రాశావో నిన్న తెలిసింది.

డాక్టర్ చంద్రిక గది. నేనూ అమ్మా. పెద్దాయన ఇంకా రాలేదు. ఆవిడ పాత కాయితాలన్నీ ముందేసుకుని చూస్తోంది. చూసి, "తిమ్మిర్లెలా ఉన్నాయమ్మా?" అంది. "తగ్గిపోనాయమ్మ, మా బాగున్నాయి" అంది అమ్మ. ఆవిడ సంతోషపడలేదు. "నేను మోతాదు తగ్గించలేదే" అంది. తరవాత అమ్మ వంక తిరిగి, "ఇంట్లో ఆకుమందులు, పొడులు ఏమైనా వాడుతున్నారా? నిజం చెప్పండి, కోప్పడను" అంది.

కంప్యూటర్ వంక కాదు. అమ్మ కళ్లలోకి చూసి అడిగింది. నువ్వు రాసిన మనిషిలా లేదు ఆవిడ.

అమ్మ నవ్వుతూ చెప్పేసింది. "మందులేటీ నేవమ్మ. మా బాబు కాసే కసాయమే. గ్రీన్ టీ."

నేనూ ఊరుకోలేదు. గొప్పగా అందుకున్నాను. "మా తమ్ముడు మిమ్మల్ని అడిగే మొదలుపెట్టాడు మేడం."

ఆవిడ పెన్ను బల్లమీద పెట్టింది. "నన్నా? ఎప్పుడు?"

నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలి? తలెత్తితే అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఆవిడ చెప్పిన మాటలు గుర్తున్నంతవరకు రాస్తాను. "ఈ ఇంజెక్షన్‌కీ గ్రీన్ టీలో ఉండే ఒక పదార్థానికీ పడదమ్మా. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. మందు చెయ్యాల్సిన పని చెయ్యదు. ల్యాబుల్లో, ఎలుకల్లో చూశారు ఇది. మనుషుల్లో ఎంతవరకు జరుగుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. చెప్పలేం కాబట్టే ఈ మందు వాడేవాళ్లని గ్రీన్ టీ మానెయ్యమంటాం. వేరే క్యాన్సర్, వేరే మందు అయితే ఒక కప్పు తాగినా ఏమీ కాకపోవచ్చు. మందుని బట్టి ఉంటుంది. మీరు తాగింది కప్పు కూడా కాదు. పిడికెడు ఆకు మరిగించి, అదీ సూది రోజునే, సూదికి ముందూ వెనకా!"

"మరి కాళ్లు తగ్గాయి కదండీ?" అన్నాను.

"అదే నాకు భయంగా ఉంది. మందు ఒంట్లో పనిచెయ్యకపోతే దాని తిమ్మిర్లూ తగ్గుతాయి కదా. అదే కారణమని నేను ఒట్టేసి చెప్పను. కానీ ఈ సంగతి తెలీకుండా మందు మార్చేసి ఉంటే, పనికొచ్చే మందుని పనికిరాదని పారేసేవాళ్లం." ఆవిడే ఇంకో మాట కూడా అంది. "జాగ్రత్తల కాయితం ఇంగ్లీషులో ఇచ్చి ఊరుకున్నాం. మొదటిరోజే అడగాల్సింది మేము."

చూశావా. తన వంతు తప్పు తనే చెప్పుకుంది.

పెద్దాయన వచ్చాక ఇద్దరూ మాట్లాడుకున్నారు. మందు ఇప్పుడే మార్చరు. టీ పూర్తిగా మానెయ్యాలి. ఇదే సూది ఇంకొన్ని వారాలు ఇచ్చి మళ్లీ పరీక్ష చేస్తారు. తిమ్మిర్లొస్తే మోతాదు సర్దుతారు. ఇంక ఒక్క వారం కూడా తప్పకూడదు అన్నారు.

కానీ అమ్మ సూది వేయించుకోలేదు. సూది గదిలో మంచం మీదినుంచి లేచి చెంగు సర్దుకుని వచ్చేసింది. ఆనందపురంలో బస్సు దిగి నేను ఎంత బతిమాలినా, "కాళ్లిచ్చినోడు నా కొడుకు. కాళ్లు తీసుకున్నోళ్ల మాట నాను ఇనాలా? ఊరికి పద" అంది. ఇప్పుడు ఇక్కడే ఉంది. గాజువాక రానంటోంది.

గోడల మీద "ప్రశ్నించు" అని రాసేవాడివి, ఒక్క ప్రశ్న అడగలేకపోయావా? అడగలేదు సరే. అడిగానని నాకు రాశావు. ఆ మాట నమ్మి నా చేతుల్తో కాచి పోశాను. నీకన్నా చిక్కగా కాచాను!

నేను చెబితే అమ్మ వినడం లేదు. ఆవిడ నమ్మింది నిన్ను. నీ మాట నువ్వే వెనక్కి తీసుకోవాలి.

జ్యోతిర్మయి


గాజువాక,
సోమవారం.

అక్కా,

ఎలుకలు! ఎలుకల్లో చూశారట! మనుషుల్లో గట్టిగా చెప్పలేరట! ఆవిడే చెప్పలేనంటూంటే నువ్వు మాత్రం నన్ను ఉరి తీసేశావు. తెల్లకోటు వేసుకుని నాలుగు మాటలు మెత్తగా చెబితే చాలు, మీరంతా చేతులు కట్టుకుని నిలబడిపోతారు. నాకు అది చేతకాదు.

ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు అమ్మని? ఎవరు కాళ్లు పట్టారు? ఉడుపులు, కలుపులు అని నువ్వు అక్కడున్నావు. షిఫ్టు చేసొచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నది నేను. విషం ఇచ్చానా? ఆకు ఇచ్చాను.

అడగలేదు. అవును, అడగలేదు. అయితే? అడిగితే ఏమంటుందో నాకు తెలుసు కదా.

నేనేమీ వెనక్కి తీసుకోను.

సుమంత్


పద్మనాభం,
మంగళవారం.

సుమంత్,

నీతో వాదించే ఓపిక నాకు లేదు. జరిగింది మాత్రం రాస్తున్నాను.

అమ్మ సంచీలో దొరికిన ఆకు కాలవలో పారేశాను. నిన్న పొలంనుంచి వచ్చేసరికి పొయ్యి మీద గిన్నె మరుగుతోంది. సీతాలు చిన్నమ్మ చేత కొత్త పేకెట్టు తెప్పించుకుంది. "ఎనిమిదో వంతు రావాల గదా" అని నన్నే అడుగుతోంది. గిన్నె దింపబోతే నా చెయ్యి తోసేసింది. అమ్మ నన్ను ఎప్పుడూ అలా తొయ్యలేదు.

పోయిన గురువారం సూది తప్పిపోయింది. ఎల్లుండి మళ్లీ గురువారం. రాత్రి నడుం పట్టుకుని మూలుగుతోంది, నేను వస్తే నిద్రపోయినట్టు ఊరుకుంటోంది.

నువ్వు గెలిచావు. అమ్మ నీ పక్షాన ఉంది. ఇప్పుడేం చేస్తావో చెయ్యి.

జ్యోతిర్మయి


గాజువాక,
మంగళవారం సాయంత్రం.

అక్కా, గంగరాజు మావ డ్యూటీ దిగి జంక్షన్లో బండి ఆపుకుని నిలబడ్డాడు. ఇది అమ్మకి చదివి వినిపించు. ఒక్క ముక్క వదలకుండా.

అమ్మా,

పొద్దున్న అక్క ఉత్తరం అందాక షాపుకి వెళ్లలేదు. ఆ కరపత్రం కింద ఒక నంబరుంటుంది. పక్కగది వాళ్ల ఫోను తీసుకుని చేశాను. ఒకాయన ఎత్తాడు. "మా అమ్మకి ఈ సూది పడుతోంది, దీంతోపాటు గ్రీన్ టీ ఇవ్వచ్చా?" అని అడిగాను. "ఏ సూదైతే ఏంటి తమ్ముడూ, అన్ని క్యాన్సర్లకీ ఒకటే ఆకు" అన్నాడు. "మందుతో కలిస్తే ఏమవుతుందో చూశారా?" అన్నాను. "మందులు మానిపించెయ్, అప్పుడు కలిసే గొడవే ఉండదు" అన్నాడు. ఎవరికైనా మానిపించారా, వాళ్లు ఎలా ఉన్నారు అని అడిగాను. ఆయనకి కోపం వచ్చింది. నాలాంటి అనుమానాలున్నవాళ్లకి ఏ వైద్యమూ పనిచెయ్యదట. ఫోను పెట్టేశాడు.

అచ్చం నేను నీతో మాట్లాడినట్టే మాట్లాడాడమ్మా. అదే గొంతు. అంతే ధీమా.

నేను చంద్రిక గారిని గ్రీన్ టీ సంగతి అడగలేదు. అడిగానని అక్కకి అబద్ధం రాశాను. ఎందుకు అడగలేదంటే, వద్దంటుందని భయం. వద్దంటే నా చేతిలో నీకు చెయ్యడానికి ఇంకేమీ మిగలదు. బల్ల పక్కన నిలబడి, వాళ్లు పిలిచినప్పుడు లేచి, సంతకం పెట్టమన్నచోట పెట్టి, బస్సెక్కించి తీసుకురావడం. అంతేనా నేను నీకు? అది నావల్ల కాలేదు.

నీకు కాళ్లిచ్చింది నేను కాదు. మందుని అడ్డుకున్నానేమో. నిజంగా అడ్డుకున్నానో లేదో ఎవరూ తేల్చి చెప్పలేరు, కానీ ఆ "ఏమో" మీద నిన్ను ఉంచలేను. గిన్నె దింపెయ్యి అమ్మా. సూదికి వెళ్లు. నా మీద కోపం వస్తే తిట్టు, నా గదికి రానంటే రావద్దు, అక్కతో వెళ్లు. వెళ్లడం మాత్రం మానకు.

నేను చెప్పిన మాటలన్నీ నమ్మావు. ఈ ఒక్కటీ నమ్ము.

సుమంత్


పద్మనాభం,
బుధవారం పొద్దున్న.

తమ్ముడూ, ఇది అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మధ్యలో నా మాట ఒక్కటీ లేదు. గంగరాజు మావ బండి స్టార్టు చేసుకుని గుమ్మంలో తిడుతున్నాడు.

బాబూ,

నీ ఉత్తరం అక్క సదివింది. మజ్జిలో దానికి ఏడుపొచ్చేసింది, మీ బావ అందుకున్నాడు. ఆడు సదివితే ఉత్తరం సదివినట్టుండదు, ఏలంపాట పాడినట్టుంటాది. అయినా ఇన్నాను.

నువ్వు డాట్రమ్మని అడగనేదని రాసినావు. అది నాకు సెప్పాలేటిరా? నాను పక్కనే కూకున్నాను కదా. గురువారం గురువారం నీ పక్కనే. ఆయమ్మ "ఇంకేటైనా అడగాలా" అంటే నువ్వు నోరిప్పీవోడివి, మల్లీ మూసీసి గోడకేసి సూసీవోడివి. నాను సూడనేదనుకున్నావా? నాకూ నోరుంది. నానూ అడగనేదు. కాళ్లొచ్చినాయి, అడిగితే మానీమంటారు, మల్లీ పోతాయని బయమేసింది. నువ్వొక్కడివే దొంగవి కాదు. ఆ మాట డాట్రమ్మ ముందర మీ అక్కకి సెప్పలేక కిటికీలోకి సూసినాను.

ఇంకోటుంది. రాయనంటంది అక్క, రాయమన్నాను. నీ కాయితాలు నమ్మి కాదురా నాను ఆ కసాయం తాగింది. అది యేపాకు కన్నా సేదు. నువ్వు ఓనరు మీద ఎగిరి, బస్సోడి మీద ఎగిరి, గవర్నమెంటు మీద ఎగిరి ఇంటికొత్తావు. వచ్చినా కాలు నిలవదు నీకు, ఏదో కాయితం పట్టుకుని మల్లీ పోతావు. ఆ గిన్నె పొయ్యి మీదున్నంతసేపే కదలకుండా కూకునీవోడివి. సిన్నప్పటి సంగతులు అడిగీవోడివి, నాను సెప్పీదాన్ని. ఎనిమిది గలాసులు ఒక్క గలాసయ్యీదాకా నా కాడే ఉండీవోడివి. అందుకు తాగినాను. ఇక్కడా నానే కాసుకుని తాగినాను గానీ, ఎదర నువ్వు నేవు, ఉత్తి సేదే మిగిలింది.

పేకెట్టు పారబోసేసినాను. మీ అక్క సూడనేదు, బావ సూసినాడు, అడుగు కావాలంటే.

రేపు సూదికొత్తాను. అక్క కలుపులు ఒగ్గీసి రానక్కర్నేదు. మీ బావ నన్ను బస్సెక్కిత్తాడు, నువ్వు బేగి వచ్చి దింపుకో. ఓనరు తిడితే తిట్టనీ, ఆడికి ఎదురు సెప్పకు. తిమ్మిర్లొత్తే రానీ. వత్తే డాట్రమ్మకి సెప్తాను, దాసను. సూదయ్యాక నీ గదికే వత్తాను. పొయ్యి మీద ఉత్తి నీళ్లెట్టుకునైనా కూకో.

రేపు పొద్దున్న సోడిపిండి అంబలి తాగి బయల్దేరదామనుకున్నాను. సూది రోజు తాగొచ్చో నేదో తెలీదు, అందుకని తాగకుండా వత్తాను. ఆయమ్మ గదిలోకెల్లగానే ముందు అది అడుగు. ఉల్లిపాయ నంజుకోవచ్చేటో, మజ్జిగ పోసుకోవచ్చేటో కూడా అడుగు. గోడకేసి సూడకు. గొణక్కు. నాకు ఇనబడీలాగ అడుగు.

అమ్మ